గొడ్ల డాక్టరుకు రాబందులతో ఏం పని?

హనుమకొండ

బుజ్జీ,

పెద్దమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు మీ బాపు వచ్చేటప్పుడు పట్టుకొస్తాడు. డబ్బా మాత్రం తిరిగి పంపమంటోంది.

మొన్న ఫోన్లో నవ్వుకుంటూ ఒక మాటన్నావు. ఫారెస్టు రేంజరు మీ ఆస్పత్రికి వచ్చి, రాబందుల మీద మీటింగు ఉంది రమ్మని చెప్పిపోయాడని, "గొడ్ల డాక్టర్ని, రాబందులతో నాకేం పని పెద్దబాపూ" అని. అప్పుడే సిగ్నలు పోయింది కాబట్టి బతికిపోయావు. లేకుంటే గంటసేపు నా పాఠం వినాల్సి వచ్చేది. ఆ పాఠమే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. తీరిక చేసుకుని చదువు. నచ్చకపోతే తిట్టుకో. మీటింగుకు మాత్రం పోయిరా.

నీకు తొలి పోస్టింగు మామూలు చోట రాలేదు బిడ్డా. బెజ్జూరు అడవిలో, ప్రాణహిత వైపు, పాలరాపు గుట్ట ఉంది. కోసి నిలబెట్టినట్టుండే రాతిగోడ. ఆ గోడ అరల్లో పొడుగు ముక్కు రాబందులు కాపురం ఉంటున్నాయని 2013లో బయటపడింది. అప్పటి నుంచి అటవీ శాఖ వాళ్ళు దగ్గరి ఊళ్ళ పిల్లల్నే ట్రాకర్లుగా పెట్టుకుని వాటిని కనిపెట్టుకుని ఉంటున్నారు. నది దాటితే గడ్చిరోలి. రాబందుకు జిల్లాలూ రాష్ట్రాలూ ఏముంటాయి? ఎండ ఎక్కి గాలి వేడెక్కగానే రెక్క చాపుతుంది, తిండి కోసం పదుల కిలోమీటర్లు పోయి వస్తుంది. మీ మండలంలో ఇవాళ చచ్చిన గొడ్డు రేపు ఆ గుట్ట మీది పిల్ల నోట్లోకి పోతుంది. ఆ గొడ్డుకు ఆఖరి సూది వేసింది నువ్వే అయి ఉండొచ్చు. నీకున్న పని అదీ.

మీ తరం వాళ్ళు రాబందుల్ని సినిమాల్లో తప్ప చూసి ఉండరు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎద్దు చస్తే నలుగురు కలిసి ఊరవతలికి ఈడ్చేవాళ్ళు. తోలు తీసేవాళ్ళ పని అయ్యేదాకా రాబందులు తుమ్మచెట్ల మీద ఓపిగ్గా కూర్చునేవి. మనుషులు పక్కకు తప్పుకోగానే ఒకటి దిగేది. రెండడుగులు వేసి ఆగేది, మెడ సాచి చూసేది, మళ్ళీ వెనక్కి గెంతేది. అది ముక్కు పెట్టిందంటే ఇక మిగతావి ఎక్కడి నుంచి వచ్చేవో తెలియదు, పైనుంచి రాలినట్టే దిగేవి. ముందు కళ్ళు, నాలుక, తోక కింది మెత్తటి చోటు. అక్కడి నుంచి దారి చేసుకుని మెడదాకా లోపలికి దూర్చేవి. బయటికి తీసినప్పుడు బోడిమెడ ఎర్రగా నిగనిగలాడేది. కీచులాట, రెక్కలతో కొట్టుకోవడం, బుసలు. వందకు దగ్గరగా చేరితే ముప్పావు గంటలో ఎముకల గూడు మిగిలేది. వాసన ఊళ్ళోకి వచ్చేలోపే అంతా అయిపోయేది. తర్వాతెప్పుడో బొక్కలు ఏరుకునేవాళ్ళు వచ్చి ఆ మిగిలిందీ తీసుకుపోయేవాళ్ళు.

అంత పని చేసిపెట్టినా దాన్ని ఎవరూ ముద్దు చేయలేదు. ఇంటి మీద వాలితే కీడని శాంతి చేయించేవాళ్ళు. విమానాలు నడిపేవాళ్ళకైతే ఇంజన్లకు అడ్డం వచ్చే బెడద. లెక్కపెట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. దేశం మొత్తం మీద 4 కోట్లు ఉండేవని ఒక అంచనా చెబుతారు. 1980లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ సంఖ్యలో ఉన్న పెద్ద వేటపక్షి మన తెల్లవీపు రాబందేనని అనుకునేవాళ్ళు. కాకుల్ని ఎవరు లెక్కపెడతారు చెప్పు? అట్లాగే ఇదీ.

1992 నుంచి 2007 లోపల తెల్లవీపు రాబందులు మన దేశంలో వెయ్యికి ఒకటి మిగిలాయి. పొడుగు ముక్కువీ సన్న ముక్కువీ కలిపి నూటికి మూడు. ఈ మధ్యలో ఎవరూ తుపాకీ పట్టలేదు. అడవి పోయినందువల్ల అనుకోవడానికీ లేదు. తెల్లవీపు రాబందు ఊరి మర్రిచెట్టు మీద కూడా గూడు కట్టుకుంటుంది. తిండికి కరువా అంటే, గొడ్లు చావడం మానలేదు. భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ అనే పక్షి శాస్త్రవేత్త మొదట పసిగట్టాడు. కొమ్మ మీద కూర్చున్న పక్షి మెడ వేలాడేస్తోంది, రోజుల తరబడి అట్లాగే ఉండి కిందపడి చస్తోంది. వైరస్ అన్నారు, పురుగుమందు అన్నారు. ఏదీ తేలలేదు.

తేల్చినవాడు మన వృత్తివాడే. లిండ్సే ఓక్స్ అని అమెరికా పశువైద్యుడు. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని కోసి చూశాడు. కోళ్ళ పోస్టుమార్టంలో నువ్వు చూసే ఉంటావు, గుండె మీద, కాలేయం మీద సున్నం అద్దినట్టు తెల్లటి పూత. విసెరల్ గౌట్. కిడ్నీలు పనిచేయక యూరిక్ యాసిడ్ బయటికి పోలేక అవయవాల మీద పేరుకుంటుంది. కిడ్నీలను అట్లా ఏది దెబ్బతీస్తుందని ఆలోచించి, అతనూ తోటివాళ్ళూ అక్కడి పశువైద్యుల దగ్గరికీ మందుల కొట్ల దగ్గరికీ వెళ్ళి గొడ్లకు ఏమేం వాడుతున్నారని అడిగారు. పరిశోధన అంటే ఇదీ అని నాకు మహా ఇష్టం ఈ ముక్క. మైక్రోస్కోపు దగ్గర చిక్కుముడి పడ్డ విషయం మందుల కొట్టు బల్ల దగ్గర విడిపోయింది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. గౌట్‌తో చచ్చిన 25 పక్షుల్లో 25లోనూ ఆ మందు దొరికింది. వేరే కారణాలతో చచ్చిన 13లో ఒక్కదాంట్లోనూ లేదు. 2004లో నేచర్ పత్రికలో అచ్చయింది.

1990లలో అది అందరి సంచుల్లోనూ ఉండేది బుజ్జీ. చవక. సూది వేసిన కాసేపటికి కుంటే ఎద్దు లేచి నిలబడేది. పొదుగువాపుతో పాలు పితకనివ్వని బర్రె నిమ్మళించేది. రైతు చేతులెత్తి మొక్కేవాడు. ఆ మందు మీద నాకు ఇప్పటికీ కోపం లేదు, గొడ్డుకు మేలే చేసింది. ఒక జాతి తుడిచిపెట్టుకుపోవడానికి దుర్మార్గుడు ఉండాల్సిన పనిలేదు. రైతు తన ఎద్దు బాధ చూడలేక వచ్చాడు, డాక్టరు ఆ బాధ తగ్గించాడు, ఎద్దు చస్తే ఆనవాయితీ ప్రకారం రాబందులకు వదిలారు. ఎవరి పని వాళ్ళు సక్రమంగానే చేశారు. వేటగాణ్ణి పట్టి జైల్లో వేస్తే పులిని కాపాడుకోవచ్చు. ఇక్కడ ఎవర్ని పడతావు?

దాని వెనకున్న లెక్క కూడా తెలుసుకో. వంద కళేబరాల్లో ఒక్కదాంట్లో కూడా చంపేంత మందు ఉండక్కర్లేదని, అంతకు తక్కువైనా ఈ వేగంతో పడిపోవడానికి సరిపోతుందని శాస్త్రవేత్తలు కట్టి చూపించారు. ఎట్లా అంటావా? ఒక్క గొడ్డు మీద వంద పక్షులు వాలతాయి. రాబందు పెట్టేది ఏడాదికి ఒక్క గుడ్డు, పిల్ల ఈడుకు రావడానికి దాదాపు ఐదేళ్ళు. చాలా ఏళ్ళు బతికి, మెల్లగా పిల్లల్ని కని నిలదొక్కుకునే జాతి అది. పెద్దవి చావడం మొదలైతే పూడ్చుకునే దారి లేదు. ఎలుకలకైతే ఏడాదిలో సర్దుకునేది.

అంతరించిపోయే ప్రమాదం అనగానే మనకు పదో ఇరవయ్యో మిగిలిన జంతువు మనసులోకి వస్తుంది. ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా, రెడ్ లిస్టు, తయారుచేసేవాళ్ళు ఎన్ని మిగిలాయన్నదొక్కటే చూడరు, ఎంత వేగంగా తరుగుతున్నాయన్నదీ చూస్తారు. 2000లో తెల్లవీపు, పొడుగు ముక్కు రాబందుల్ని అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి వరుసలో చేర్చేనాటికి అవి ఇంకా వేలల్లోనే ఉన్నాయి. ఆ వేలు చూసి నిమ్మళంగా కూర్చుంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. నువ్వు జ్వరం చూసేటప్పుడు కూడా పొద్దున ఎంత, సాయంత్రానికి ఎంత అని అడుగుతావు కదా.

రాబందులు పోయాక వాటి తిండి కుక్కలకు మిగిలింది. ఊరవతల కుక్కల మందలు పెరిగాయి, వాటితో రేబిస్ భయం. కుళ్ళిన కళేబరాలు వాగుల పాలయ్యాయి. 2024లో ఇయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు జిల్లాలవారీ మరణాల రికార్డులు తీసి లెక్క వేశారు. ఒకప్పుడు రాబందులు బాగా ఉండిన జిల్లాల్లో మనుషుల మరణాల రేటు 4 శాతం పైగా పెరిగిందట. 2000 నుంచి 2005 దాకా చూస్తే దేశంలో ఏటా లక్షమంది అదనంగా పోయారని వాళ్ళ అంచనా. మీటింగులో ఎవరైనా 'పక్షులు ముఖ్యమా మనుషులా' అని లేస్తే ఈ లెక్క చెప్పు, కూర్చుంటాడు.

అయితే మనకు ఉపయోగం ఉంది కాబట్టి కాపాడాలి అనే వాదన నాకు సగమే ఎక్కుతుంది. రోళ్ళపాడు బట్టమేక పిట్ట మనకేం పని చేసిపెట్టింది? గడ్డిలో నడుస్తూ మిడతల్ని ఏరుకు తినేది. దానికోసం 1988లో కర్నూలు జిల్లాలో అభయారణ్యం ఏర్పాటు చేశారు. కంచె లోపల గడ్డి ఉంది. కంచె బయట మెట్టభూములకు నీళ్ళొచ్చి పైరు మారిపోయింది. పిట్ట దాదాపు కనుమరుగైంది. ఉపయోగం లేనిదానికి బతికే హక్కు లేదంటే రేపు ముసలి గొడ్డుకు వైద్యం ఎందుకంటాడు రైతు. నువ్వేం చెబుతావు? ఇక జటాయువు కథ చెప్పి రాబందును దేవుణ్ణి చేసేవాళ్ళు కూడా ఉంటారు. దండం పెట్టుకోనీ. దండంతో పాటు మందు కూడా మార్చమను.

ఇప్పుడు నీ మందుల బీరువా సంగతి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడొద్దని 2006లో ఆపారు. మరి ఆగిందా? మనుషుల కోసం చేసే పెద్ద సీసాలు, 30 మిల్లీలీటర్లవి, మెడికల్ షాపులో చవగ్గా దొరికేవి. వాటినే గొడ్లకు ఎక్కించారు. అందుకని 2015లో మనుషుల సూదిమందును 3 మిల్లీలీటర్ల చిన్న సీసాలకు కుదించారు. గొడ్డుకు కావాలంటే ఎన్నో సీసాలు పగలగొట్టాలి, ఎవరికి ఓపిక? నాకు తెలిసి ఈ మొత్తం వ్యవహారంలో అంత తెలివైన పని ఇంకొకటి జరగలేదు. తర్వాత ఎసిక్లోఫెనాక్ సందు దొరికింది. అది ఆవు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది, పేరు మార్చుకుని వచ్చిన పాత దొంగ. దాన్నీ, కీటోప్రోఫెన్ అనే ఇంకొక నొప్పి మందునూ 2023లో పశువులకు నిషేధించారు. ఫ్లూనిక్సిన్ వల్ల కూడా రాబందులు చచ్చిన దాఖలాలు ఉన్నాయి. ఉత్తర్వు ఏం చెప్పినా, చెప్పకపోయినా, అది నీ చేతి నుంచి పోకూడదు.

రాబందుకు కీడు చేయనివి రెండు మిగిలాయి, ధైర్యంగా వాడుకో. మెలాక్సికాం, టోల్ఫెనమిక్ యాసిడ్. మెలాక్సికాం పనిచేయదని నీకు మొదటి వారంలోనే చెబుతారు. పాత సూదికి గంటలో లేచేది, దీనికి లేవడం లేదని. కొంత నిజమే, నిదానంగా పనిచేస్తుంది. కానీ సగం ఫిర్యాదు డోసులో ఉంటుంది. కిలోకు అర మిల్లీగ్రాము. 300 కిలోల ఆవుకు 150 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మందైతే 30 మిల్లీలీటర్లు పడుతుంది. సీసా మిగుల్చుకోవాలని పది పోసి, మందు మంచిది కాదంటే ఎట్లా? గొడ్డు బరువు కంటితో అంచనా కట్టకు, టేపు వేసి ఛాతీ కొలువు. రైతుకు ముందే చెప్పు, సాయంత్రానికి తేలికపడుతుంది, రేపు పొద్దున చూడు అని. చెప్పకపోతే మధ్యాహ్నానికల్లా ఇంకొకణ్ణి పిలుచుకొస్తాడు.

ఆ ఇంకొకడే అసలు సమస్య. నీ ఆస్పత్రి గేటు దాకా నీ మాట చెల్లుతుంది, గేటు బయట గోపాలమిత్రలు, ఊళ్ళో సూదులు వేసే ప్రైవేటు వాళ్ళు, మెడికల్ షాపులు. వాళ్ళను దూరం పెట్టకు. నీకంటే ముందు గొడ్డు దగ్గరికి చేరేది వాళ్ళే. ఒకరోజు అందర్నీ కూర్చోబెట్టి చాయ్ తాగించి చెప్పు. నిషేధం, జైలు అని మొదలుపెడితే తలలూపి పోతారు. గౌట్ పట్టిన కోడిని కోసి చూపించు. ఆ తెల్లపూత చూసినవాడు మరిచిపోడు.

కేసు పుస్తకంలో నొప్పి మందు పేరు, తేదీ, టైము రాసే అలవాటు ఇప్పుడే చేసుకో. డైక్లోఫెనాక్ వేసిన గొడ్డు కళేబరంలో దాదాపు మూడు రోజులదాకా రాబందును చంపేంత మందు ఉంటుంది. ఎవరో ఏదో వేశారని అనుమానం ఉండి ఆలోపు చస్తే, పూడ్పించు. ఫారెస్టు వాళ్ళు రాబందులకు మేతగా కళేబరాలు అడిగితే, సంతకం పెట్టే ముందు ఈ పుస్తకమే నీకు ఆధారం. దొమ్మరోగం అనుమానం ఉన్న గొడ్డును మాత్రం ఎవరడిగినా ఇవ్వకు, కోయకు, కోయనివ్వకు. లోతుగా పూడ్చడమే. రాబందు కడుపు ఆ క్రిములను అరిగించుకుంటుందని ఎవరో పుస్తకం చదివి చెప్పొచ్చు. తోలు తీసేవాడి చేతులు అరిగించుకోలేవు.

మీ వైపు ఇంకొక చిక్కుంది. పులి ఆవును చంపితే, కడుపుమండి ఆ కళేబరానికి విషం పూసేవాళ్ళు ఉంటారు. పులికని పెట్టిన విషం నక్కనూ చంపుతుంది, రాబందుల గుంపునూ చంపుతుంది. పరిహారం రావాలంటే నీ పోస్టుమార్టం కాగితం కావాలి. రైతు కబురు పెట్టిన రోజే వెళ్ళు. వాన పడుతోందనో ఆదివారమనో రెండు రోజులు ఆగితే, ఆ రెండు రోజుల్లోనే పురుగుమందు డబ్బా బయటికి వస్తుంది. ఆవు పోయినవాడికి అడవి గొప్పతనం చెప్పకు. కాగితం చేతిలో పెట్టు, చాలు.

హర్యానాలో పింజోర్ దగ్గర, మన హైదరాబాద్ జూలో కూడా రాబందుల్ని పెంచుతున్నారు. 2020లో పింజోర్ దగ్గర తెల్లవీపు రాబందుల్ని ట్యాగులు కట్టి బయటికి వదిలారు. బాగుంది. వదిలిన పక్షి మళ్ళీ వాలేది ఏదో ఒక ఊరి గొడ్డు మీదనే కదా! ఆ ఊళ్ళో నీలాంటి డాక్టరు ఎవరున్నారన్నది ట్యాగు చెప్పదు.

మీటింగులో ట్రాకర్ల నంబర్లు తీసుకో. గుట్టకు వెళ్ళాలనిపిస్తే వాళ్ళతోనే వెళ్ళు, చలికాలంలో మాత్రం వద్దు, గుడ్ల మీద ఉంటాయి. దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడు. నాది బీరువాలో ఊరికే ఉంది, తొక్కు డబ్బాతో పాటు మీ బాపు చేత పంపిస్తాను.

మందుల ఇండెంటు ఈ నెలాఖరులోపు పెట్టు. పాత ఇండెంటు చూసి అదే అంకె ఎక్కించకు, పూర్తి డోసు లెక్కన మెలాక్సికాం ఎన్ని సీసాలు కావాలో నువ్వే కట్టు. మధ్యలో అయిపోయిందంటే మీ కాంపౌండరు రైతుకు చీటీ రాసిచ్చి షాపుకు పంపిస్తాడు. అక్కడ చేతిలో ఏం పెడతారో నీకు తెలియదు.

ఇట్లు,
నీ పెద్దబాపు